పెద్దమ్మ నాకు ముందే ఏడ్చింది

నా చావుకి మా పెద్దమ్మ ఏడ్చిన ఏడుపు నా ఫోన్‌లో ఉంది. పదకొండు నిమిషాలు. చిత్రమేమిటంటే నేను బతికే ఉన్నాను, ఆవిడే లేదు. ఫోన్ మార్చినప్పుడు ఫోటోలు పోయినా పట్టించుకోను గాని, ఆ ఒక్కటీ కొత్త ఫోన్‌లోకి వచ్చిందని చూసుకున్నాకే పాతది పక్కన పెడతాను. వినను. ఉందో లేదో చూసుకుంటాను, అంతే.

మొదటి నుంచీ చెప్పకపోతే నాకు మతి పోయిందనుకుంటారు.

ఆవిడ మా అమ్మకి అక్క. యానాం పక్కన, గోదావరి ఒడ్డున దరియాలతిప్పలో ఉండేది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని యానాం వీధులన్నీ తిరిగిన మనిషి. పెద్దనాన్న పోయాక కూడా మోకాళ్ళు అరిగేదాకా తిరిగింది. కానీ చుట్టుపక్కల ఊళ్ళు ఆవిడని గుర్తుపెట్టుకున్నది చేపలకి కాదు, ఏడుపుకి. మావైపు ఎవరైనా పోతే ఆడవాళ్ళు పక్కన కూర్చుని రాగం తీసి, పోయిన మనిషితో మాట్లాడుతున్నట్టుగా ఏడుస్తారు. శోకాలు పెట్టడం అంటాం. ఏడుపు అందరికీ వస్తుంది గాని మాట అందరికీ రాదు. పెద్దమ్మకి వచ్చేది. పోయినాయన ఎలా నవ్వేవాడో, ఏ కూరంటే ప్రాణమో, తమ్ముడి మీద అలిగి ఎన్నాళ్ళు పలకలేదో, అన్నీ ఆ రాగంలోకి వచ్చేసేవి. అంతవరకూ బిగుసుకుపోయి కూర్చున్న ఇంటివాళ్ళు ఒక్క మాటకి బావురుమనేవాళ్ళు. దానికి ఆవిడ ఎవరినీ ఏమీ అడిగేది కాదు. కబురొస్తే బుట్ట దింపి వెళ్ళేది. తిరిగొచ్చి పెరట్లో తలమీంచి నీళ్ళు పోసుకుని, కాసేపటికి ఏమీ ఎరగనట్టు చేపలు తోముతూ కూర్చునేది.

మా అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నేను ఏడవలేదు. పెద్దమ్మ ఏడుస్తుంటే వింటూ కూర్చున్నాను. అమ్మ చిన్నప్పుడు పచ్చి చింతకాయ ఉప్పులో అద్దుకుని దుప్పటి కింద దాక్కుని తినేదట. పెళ్ళైన కొత్తలో గోదారి దాటే పంటు ఎక్కడానికి భయపడి, అందరూ ఎక్కేశాక రేవులో ఒక్కతే మిగిలిపోయిందట. ఇవన్నీ నాకు ఆ రోజే తెలిశాయి. అమ్మ గురించి నాకు తెలిసిన దాంట్లో సగం అమ్మ పోయిన రోజు విన్నదే. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని లోపల అనుకుంటూ కూర్చున్నాను. పాడె లేపేటప్పటికి నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది, చెబుతున్నది మధ్యలో ఆపించేశారని. "ఈ పిల్లేంటి, రాయిలా కూచుంది" అన్నారు ఆడవాళ్ళు. ఆ మాట నాకు అంటుకుపోయింది. నలభై దాటాక కూడా వదల్లేదు.

పెద్దదాన్నై బడిలో తెలుగు చెప్పే ఉద్యోగంలో చేరాను. మెట్టకూరులో ఇల్లు. సెలవుల్లో కథలు రాసేదాన్ని. ఒకటీ అరా అచ్చయ్యాయి. ఎక్కువ తిరిగొచ్చాయి. ఒకసారి ఒక సంపాదకుడు కథ తిప్పి పంపుతూ రెండే ముక్కలు రాశాడు: "వాక్యం శుభ్రంగా ఉంది. తడి లేదు." ఆ ఉత్తరం చూసి ఉడికిపోయాను. శుభ్రంగా ఉండటం కూడా తప్పేనా అని మా స్టాఫ్ రూమ్ అంతా వినబడేలా అన్నాను. కానీ కోపం దిగాక తెలిసింది, ఆ మాట ఆయనకన్నా ముందు మా వీధి ఆడవాళ్ళు అన్నదేనని.

తడి ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. దరియాలతిప్పలో. ఆ వేసవి సెలవుల్లో ఫోన్ ఛార్జింగ్ నిండుగా పెట్టుకుని, నోటుబుక్కు పట్టుకుని, పీతలు కొనుక్కొచ్చేదానిలా బయల్దేరాను.

"శోకం ఒకటి చెప్పు పెద్దమ్మా, రికార్డు చేసుకుంటాను" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీకేమన్నా పిచ్చా? చావు లేని ఇంట్లో ఏడుపేంటే?"

"ఇంట్లో వద్దు. బయటికెళ్దాం."

"ఎక్కడికెళ్ళినా మనిషుండాలి కదే. ఊరికే ఏడుపు రాదు. ఎవరి మీద ఏడవమంటావు?"

అమ్మ మీద ఏడవమన్నాను. ఒప్పుకోలేదు. "మీ అమ్మకి ఏడ్చేసేను. ఏడ్చి పంపించేసిన మనిషిని మళ్ళీ పిలవకూడదు. ఎల్లేదారిలో ఎనక్కి తిరిగి చూత్తాది" అంది. పెద్దనాన్న మీదైనా అంతేనంది. బతికున్నవాళ్ళ మీద ఏడిస్తే వాళ్ళకి కీడంది. పోయినవాళ్ళ మీద కుదరదు, ఉన్నవాళ్ళ మీద కుదరదు. నాకు విసుగొచ్చింది. అంత దూరం ఎండలో బండి మీద వచ్చి ఖాళీ చేతులతో పోవాలా?

"అయితే నామీద ఏడు. నేనే పోయాననుకో. నాకు కీడూ గీడూ నమ్మకాల్లేవు" అని నవ్వాను.

పెద్దమ్మ నవ్వలేదు. గుమ్మంలో కూర్చుని చాలాసేపు కాలి బొటనవేలు రుద్దుకుంది. చివరికి "నీకంత అవసరమా?" అని అడిగింది. అవసరమే అన్నాను. నిజంగానే అవసరం అనుకున్నాను. అది ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"సరే. కానీ ఒకటి. ఇప్పుడు నీకు నేను ఏడుత్తాను. రేపు నా దగ్గర నువ్వు నోరు తెరిచి ఏడవాల. నాకు ఆడపిల్ల లేదు. కోడలు మంచిదేగాని దానికి మాట రాదు. నన్ను మాట లేకుండా పంపించకు" అంది.

"అలాగే పెద్దమ్మా. ఒట్టు" అన్నాను. ఫోన్‌లో ఎర్ర బొత్తం ఎక్కడుందో వెతుక్కుంటూ అన్నాను.

ఇళ్ళకి దూరంగా, మడచెట్ల పక్కన గట్టు మీదికి తీసుకెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. పాటుకి నీళ్ళు వెనక్కి పోయి బురద బయటపడింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నా చీరకొంగు నా మొహం మీద కప్పింది. "కళ్ళు తెరవకు. కదలకు. మధ్యలో పిలవకు" అంది. కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆవిడకి రావడం లేదేమో, లేచిపోదామంటుందేమో అనుకుంటున్నాను. అప్పుడు నా పేరు వినబడింది. చిన్నప్పటి పేరు, ఇంట్లో తప్ప ఎవరికీ తెలియని పేరు. అది నన్ను పిలిచిన పిలుపు కాదు. నేను లేననుకుని పిలిచిన పిలుపు.

"జడేసుకోవే అంటే కుదురుగా కూచునేదానివి కాదు కదే... ఇయ్యాల ఎంత కుదురుగా పడుకున్నావే నా తల్లో... అమ్మ పోయిన్నాడు ఏడవలేదని అందరూ నిన్ను రాయన్నారే... నాకు తెలుసే... ఆ రాత్తిరి నా పక్కలో పడుకుని నిద్దట్లో నా కొంగు నోట్లో పెట్టుకుని నమిలేవే... తెల్లారి చూత్తే కొంగు పిప్పైపోయి ఉందే... ఆ కోక ఉతకలేదే నేను, దాచుకున్నానే... నన్ను సాగనంపాల్సిందానివి కదే, నీకు నేనేడుత్తున్నానేంటే... ఇంక నాకెవరు ఏడుత్తారే నా తల్లో..."

ఆ కొంగు సంగతి నాకు తెలియదు. ముప్పై ఏళ్ళకి పైగా నేను రాయినని నమ్ముతూ బతికాను. నేను ఏడ్చాననీ, ఆ ఏడుపుని ఒక మనిషి పెట్టెలో దాచిందనీ కొంగు కింద చీకట్లో విన్నాను. ఎవరైనా అయితే అక్కడ ఏం చేస్తారు? ఆ కొంగు లాగిపారేసి పెద్దమ్మని కావలించుకుంటారు. నేనేం చేశానో చెబుతాను. ఫోన్ మీద వేలితో తడిమి చూసుకున్నాను, ఇది రికార్డవుతోందా లేదా అని.

అయ్యాక ఆవిడ చాలాసేపు ఆయాసపడింది. నా తల మీంచి కొంగు తీసి, నా మొహం రెండు చేతుల్తో తడిమి తడిమి చూసింది. ఉన్నానా లేదా అన్నట్టు చూసింది. తర్వాత గోదాట్లోకి నడుములోతు దిగి మూడు మునకలేసింది. నన్నూ వేయమంది. నేను చీర పాడవుతుందని కాళ్ళు తడుపుకుని వచ్చేశాను.

ఆ కథ నాలుగు రోజుల్లో రాశాను. కొంగు, పిప్పి, దాచుకున్న కోక, "నాకెవరు ఏడుత్తారే", అన్నీ పెట్టాను. ఒక్క మాట మార్చలేదు, మార్చే అవసరం లేకపోయింది. అచ్చయింది. నాలాంటి దానికి ఎన్నడూ రానన్ని ఫోన్లు వచ్చాయి. కాకినాడలో ఒక సభలో శాలువా కప్పి, గుండె తడిసిపోయిందన్నారు. శాలువా చాలా బాగుంది. దాన్ని నేను ఇంతవరకూ కప్పుకోలేదు.

పత్రిక దరియాలతిప్ప కూడా వెళ్ళింది. పెద్దమ్మకి చదువు రాదు. వదిన, అంటే ఆవిడ కోడలు, మా ఆడపడుచు రాసిందని గొప్పగా చెప్పుకుంటూ వీధి అరుగు మీద, పెద్దమ్మ ముందే, అందరికీ పైకి చదివి వినిపించింది. నేను తర్వాతి ఆదివారం వెళ్తే పెద్దమ్మ మామూలుగానే అన్నం పెట్టింది. రొయ్యలు వేయించి పెట్టింది. "బాగానే రాసేవు. నా నోట్లో మాట తీసి నీ నోట్లో ఏసుకున్నావు" అంది. మెచ్చుకుంటోందనుకుని ఇంకో నాలుగు రొయ్యలు పెట్టించుకున్నాను.

తర్వాత ఏడాది లోపే, వానాకాలంలో, ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. చెప్పకుండా ఎప్పుడూ రాదు. కుడికాలి చెప్పు పట్టీ తెగిపోతే దాన్ని ఈడ్చుకుంటూ బస్టాండు దగ్గర నుంచి నడిచొచ్చింది. అగ్రహారంలో ఎవరో పెద్దావిడ పోతే ఏడవడానికి వెళ్ళి వస్తున్నానంది. చావింటి నుంచి నేరుగా ఎవరింటికీ వెళ్ళని మనిషి. గడప దాటి లోపలికి రానంది. మెట్టు మీదే కూర్చుంది.

"నోరు తెరిచేనే" అంది. "అందరూ నాకేసి చూత్తన్నారు. ఆ ముసల్ది నాకు బాగా తెలుసు, ఇద్దరం కలిసి ఒకే బుట్ట మోసినోళ్ళం. మాట వచ్చింది. రాగానే లోపల ఎవరో అన్నారు, ఇది బాగుంటది అని. ఇంకో మాట వచ్చింది. ఇది ఇంకా బాగుంటదన్నారు. ఏడుపు ఆగిపోయింది. నేను ఏడుత్తున్నానో, చెప్తన్నానో నాకే తెలీలేదు. నోరు మూసేసుకుని వచ్చేసేను. ఎవరే అది? ఎవరు నాలో దూరేరు?"

ఆ ఎవరో నాకు బాగా తెలుసు. అమ్మ పక్కన కూర్చుని ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అన్నది అదే. కొంగు కింద ఫోన్ తడిమి చూసుకున్నదీ అదే. నాకు తొమ్మిదో ఏట నుంచీ ఉన్న రోగం. ఆవిడ అరవై ఏళ్ళు దాన్ని ఎరగకుండా ఏడ్చింది. తన మాటలు తన ముందు చదివించి ఆ రోగం ఆవిడకి నేను అంటించాను. ఈ మాట అప్పుడే చెప్పి కాళ్ళ మీద పడి ఉండాల్సింది. "వయసైపోయింది కదా పెద్దమ్మా, నీరసం" అన్నాను. మంచినీళ్ళిచ్చాను. ఆ తెగిన చెప్పులు అక్కడే విడిపించి, నా చెప్పులు తొడిగించాను. "ఇవి వేసుకుని వెళ్ళు. నీవి కుట్టించి తెచ్చిస్తాను" అని ఆ జతని నా బండి డిక్కీలో పడేశాను.

మళ్ళీ ఆవిడ ఎక్కడా శోకం పెట్టలేదు. సొంత మరిది పోయినా గోడకి ఆనుకుని మౌనంగా కూర్చుందట. జనం కొన్నాళ్ళు వింతగా చెప్పుకున్నారు, తర్వాత పిలవడం మానేశారు. డిక్కీలో చెప్పులు అలాగే ఉన్నాయి. చెప్పులు కుట్టేవాడు మా బడి దారిలోనే కూర్చుంటాడు. రోజూ చూస్తాను, రేపు అనుకుంటాను. రెండేళ్ళు రేపే అనుకున్నాను.

పోయిన ఎండాకాలం, పొద్దున్న మొదటి పీరియడ్‌లో ఉండగా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య ఫోన్ చేశాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టి ఒరిగిపోయిందన్నాడు. బండి తీశాను. దారంతా గోదావరి ఒకపక్కనే ఉంది గాని నేను చూడలేదు. ఒట్టు వేశాను కదా. నన్ను మాట లేకుండా పంపించకు అంది కదా. ఏమని మొదలుపెట్టాలి అని ఆలోచిస్తూ వెళ్ళాను. యానాం దాటేసరికి మొదటి మాట దొరికింది. దరియాలతిప్ప చేరేసరికి మూడు సిద్ధంగా ఉన్నాయి.

ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. లోపల గాజుమూత పెట్టెలో పడుకోబెట్టారు. ఐసు పెట్టె రొద తప్ప ఇంకో చప్పుడు లేదు. అంతమంది ఆడవాళ్ళు, ఎవరూ గొంతెత్తడం లేదు. ఆవిడ ఉన్న ఊళ్ళో ఇంకొకరు ఏడుపు నేర్చుకోనే లేదు. నేను వెళ్ళగానే అందరూ జరిగి చోటిచ్చారు. వదిన నా చెవిలో "నువ్వే ఏడవాలని ఎప్పుడూ అనేది వదినా" అంది.

కూర్చున్నాను. నోరు తెరిచాను. "ఊరందరినీ మాటతో సాగనంపిన దానివి పెద్దమ్మా, నీకు మాట కరువైపోయిందా" అన్నాను. మాట బాగుంది. నాకే తెలుస్తోంది బాగుందని. ఒక పెద్దావిడ సభలో ప్రసంగం విన్నట్టు తలూపింది. ఎవరి కంటా చుక్క రాలేదు. రెండో మాట గొంతులో ఉంది, అది ఇంకా బాగుంది. అది అనలేకపోయాను. పెట్టెలో ఆవిడ మొహం చూడలేకపోయాను. సిగ్గుతో లేచి, జనాన్ని తోసుకుంటూ బయటికి వచ్చేశాను.

మొహం కడుక్కుందామని పెరటి గుమ్మం దగ్గరికి వెళ్తే అక్కడ నా చెప్పులున్నాయి.

మెట్టు పక్కన ఒద్దికగా విడిచి ఉన్నాయి. రెండేళ్ళు తొడిగింది. ఆవిడ కుడికాలు కాస్త ఈడ్చి నడిచేది, కుడి చెప్పు మడమ దగ్గర ఒకవైపు కాగితంలా అరిగిపోయింది. నా కాలి గుర్తు ఎక్కడా లేదు. అయిదు వేళ్ళూ ఆవిడవే. ఒంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆ తర్వాత ఏమైందో నాకు వరసగా గుర్తులేదు.

"నీ చెప్పులు కుట్టించలేదు పెద్దమ్మో..." అంటున్నానట. "నా బండిలోనే ఉన్నాయి పెద్దమ్మో... రోజూ ఆ దారినే వెళ్ళాను పెద్దమ్మో... కుట్టించలేదు పెద్దమ్మో..." అదే మాట. ఇంకో మాట లేదు. రాగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఎప్పుడూ ఎవరూ నేర్పలేదు. మెట్టు మీదే కూలబడిపోయాను. లోపల ఎవరో అందుకున్నారు, తర్వాత ఇంకొకరు. వదిన గుండెలు బాదుకుంటూ వచ్చి నా మీద పడింది. ఇన్నేళ్ళ ఏడుపు ఆ అరిగిన చెప్పు మీద పోసేశాను. ఎంతసేపో చెప్పలేను. ఆ కాసేపూ నా లోపల ఎవరూ లేరు. చూసేవాళ్ళు, వినేవాళ్ళు, ఇంకా చెప్పు అనేవాళ్ళు ఎవరూ లేరు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయింది అది.

పెద్దమ్మని సాగనంపి అందరూ వెళ్ళాక గట్టు దాటి రేవులోకి దిగాను. ఆ రోజు వేయనన్న మూడు మునకలు వేశాను. ఒడ్డుకొచ్చి చీర పిండుకుంటూ, ఇక పీడ వదిలింది, ఇక రాయలేకపోయినా ఫరవాలేదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఒంట్లో అంత తేలికగా ఎప్పుడూ లేదు.

తల తుడుచుకుంటుంటే అది మళ్ళీ వచ్చింది. ఎప్పుడూ వచ్చే చోటికే, చెవి వెనక నుంచి, మెల్లగా వచ్చింది. "ఆ చెప్పు సంగతి బాగుంటది" అంది.

ఇన్నేళ్ళూ అది నా గొంతుతోనే మాట్లాడేది. ఆ రోజు మాత్రం పెద్దమ్మ గొంతుతో మాట్లాడింది. కోపం లేదు, వెక్కిరింత లేదు. చేపలు తోముకుంటూ ఏదో పని చెప్పినట్టు చెప్పింది. వెనక్కి తిరిగి చూశాను. గట్టు మీద ఎవరూ లేరు.

"రాసుకోవే, మర్చిపోతావు" అంది.

తడిచేతుల్తోనే రాసుకున్నాను.